నోటి మీద వేలు

పోయిన ఆదివారం వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, హాల్లో టీవీలోంచి అద్దాలు పగిలిన చప్పుడు, ఆ వెనకే బరువైనవేవో వరసగా కూలిన చప్పుడు వినిపించాయి. చూడకుండానే చెప్పగలను, అవి పుస్తకాల అరలు. నేను ఉద్యోగం చేసిందంతా గ్రంథాలయంలోనే. పైగా ఆ సూపర్ హీరోల సీరియల్లో అరలు కూలడం నాకు కొత్త కాదు. ఏడాదికి పైగా ఆగిపోయిన ఆ సీరియల్ ఆ రోజే మళ్లీ మొదలైంది. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. హాల్లోంచి ఒక కేక రావాలి, ‘ఓ పిల్లా, మీవాళ్లొచ్చిన్రు, జల్ది రా’ అని. రాలేదు. ఆ కేక వేసే మా వదిన పోయి చాలా నెలలైంది. ఆ సంగతి తెలిసీ నేనే టీవీ పెట్టి, ఆవిడ పెట్టుకున్నంత గట్టిగా పెట్టి, వంటింట్లోకి వచ్చి కూర్చున్నాను. అరవై దాటిన మనిషి చేయవలసిన పనేనా అంటే కాదు. ఒంటరిగా ఉన్న ఇంట్లో మనం చేసే పనులు పదిమందికీ చెప్పుకునేవిగా ఉండవు.

వదిన అంటే మా ఆయన అక్క. నేతపని ఇంట్లో పుట్టి నేతపని ఇంటికే కోడలుగా వెళ్లింది. ఇక్కడ మగ్గం కూడు పెట్టని రోజుల్లో భర్తతో మహారాష్ట్రలోని భీవండి వెళ్లి, వయసంతా అక్కడి సాంచల మధ్య, అంటే కరెంటు మగ్గాల మధ్య గడిపింది. పిల్లలు లేరు. ఆయన పోయాక ఒక రేకు పెట్టెతో సిద్దిపేటలో మా ఇంటి ముందు ఆటో దిగింది. అప్పటికి మా ఆయనా లేడు, మాకూ పిల్లలు లేరు. గడప దాటకముందే, ‘నీకు ఎవ్వలు లేరు, నాకు ఎవ్వలు లేరు. రెండు పొయ్యిలు ఎందుకే పిల్లా, ఒక్కకాడ ఉందాం’ అంది. అంతకు మించిన ఉపన్యాసం మా ఇద్దరి మధ్య తర్వాత కూడా ఎప్పుడూ జరగలేదు. నా జుట్టు తెల్లబడ్డాక కూడా ఆవిడకు నేను పిల్లనే.

సాంచల మోత ఆవిడ చెవులను సగం తినేసింది. ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదట. అందుకని అక్కడివాళ్లు పెదాల కదలిక చూసి మాట తెలుసుకుంటారు, మిగతాది చేతి సైగలతో కానిచ్చేస్తారు. దారం తెగితే రెండు వేళ్లు విడదీసి చూపాలి. సేటు వస్తున్నాడంటే పొట్ట నిమురుకోవాలి. వేలు నిలువుగా నోటి మీద పెడితే దూప అవుతోందని, నీళ్లు తెచ్చిపెట్టమని. వదిన పనిచేసిన షెడ్డులో అంతే. అవన్నీ నాకూ నేర్పింది. నోరు తెరవకుండా ఇద్దరం ఒక పూటంతా మాట్లాడుకున్న రోజులున్నాయి. ఇక డబ్బింగు సీరియళ్లంటే ఆవిడకు ఒళ్లు మంట. ‘మూతి ఒకటంటది, మాట ఒకటొస్తది. గీళ్లను ఎట్ల నమ్ముతరు’ అనేది. అయినా చూసేది. సూపర్ హీరోల సీరియల్ నచ్చడానికి కారణం కూడా అదే. అందులో మాటలు తక్కువ, తన్నులాట ఎక్కువ.

లోకాన్ని కాపాడే పుస్తకం ఎందుకో మరి ఎప్పుడూ గ్రంథాలయంలోనే ఉంటుంది. కనుక హీరోలూ విలన్లూ అందరూ తప్పకుండా అక్కడికే వస్తారు. అప్పుడు వదిన కేక వేసేది, ‘మీవాళ్లొచ్చిన్రు’ అని, మా పుట్టింటివాళ్లు వచ్చినట్టు. తడిచేతులతో నేను పరుగెత్తేదాన్ని. మావాళ్లు టీవీలో మూడు నాలుగు రకాలు. కళ్లద్దాలకు గొలుసు కట్టుకుని ఊరికే కసురుకునే పెద్దావిడ ఒకరకం. కళ్లద్దాలు తీసి జుట్టు విదిలించగానే అందగత్తె అయిపోయే అమ్మాయి ఇంకోరకం. నేను కళ్లద్దాలు తీస్తే ఎదురుగా ఉన్న బల్ల కూడా కనబడదు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది గడ్డం పెద్దాయన. హీరో చేతికి పుస్తకం అందించడం, వెంటనే చచ్చిపోవడం, అంతే ఆయన ఉద్యోగం. హీరో రావడం, అన్ని వేల పుస్తకాల్లో సూటిగా ఒకదాన్ని లాగడం, తెరిస్తే కావలసిన పుటే తెరుచుకోవడం చూస్తే నాకు కడుపు మండేది. సభ్యత్వం ఉందా, డిపాజిట్ కట్టాడా, ఎవరూ అడగరు. ఆ తర్వాత యుద్ధం. అరలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అంతా అయ్యాక దొరికేది అరచేతిలో పట్టే పుస్తకం. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే అదే. హీరో గాల్లోకి ఎగిరిపోతాడు. ‘గవన్ని మల్ల ఎవలు సదరాలె?’ అని వదిన నన్ను అడిగేది, ఆ హీరో నా తమ్ముడైనట్టు.

ఆ కళ్లద్దాల పెద్దావిడ అందరిలాగే నోటి మీద వేలు పెట్టి నిశ్శబ్దం అనేది. మొదటిసారి చూసినప్పుడు వదిన కలవరపడిపోయింది. ‘అయ్యో, గామెకు దూపైతుందే. అంతమంది కూసున్నరు, ఒక్కలన్న నీళ్లియ్యరేంది?’ అంది. అది నీళ్లు అడగడం కాదనీ, చప్పుడు చేయొద్దనడమనీ నేను చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఎవరైనా నోరు మూసుకోమనడానికి తన నోరు ఎందుకు మూసుకుంటారన్నది ఆవిడ వాదం. ఒకసారి వర్గల్ సరస్వతమ్మ గుడికి తీసుకెళ్తే, చాలాసేపు దండం పెట్టుకుని బయటికొచ్చి, ‘ఈ తల్లి చేతిల గూడ పుస్తకమున్నది గని నోటి మీద వేలు లేదు. మీవాళ్ల కన్న నయం’ అంది.

నేను రిటైరైన రోజు మొదటిసారి మా గ్రంథాలయానికి వచ్చింది. పట్టుచీర కట్టుకుని వచ్చింది పాపం. టీవీలో చూసినట్టు పైకప్పు దాకా అరలు, చక్రాల నిచ్చెన, పుస్తకం లాగితే తెరుచుకునే గోడ ఉంటాయనుకుంది. మా దగ్గర ఉన్నవి అద్దాల తలుపుల ఇనుప బీరువాలు, వాటికి తాళాలు, ఆ తాళంచెవుల గుత్తి నా సంచిలో. ‘పుస్తకాలను జైల్ల పెట్టిన్రేందే’ అంది. బీరువా తీయించుకుని, లావుపాటి పుస్తకం ఒకటి వెతికి, దాన్ని మెల్లగా తన వైపు వంచి గోడ వంక చూసింది. గోడ కదల్లేదు. ‘గీడ గోడ సుత మొండిదే’ అని దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టేసింది.

మా రీడింగు హాల్లో ఒక పద్ధతుంది. పొద్దున వచ్చిన పేపర్లను ఆకులాకులుగా విడదీస్తారు. ఒకరి చేతిలో జిల్లా వార్తలు, ఇంకొకరి చేతిలో ఆటల పుట, మరొకరి చేతిలో సినిమాలు. తలెత్తకుండా చేతులు చాపి మార్చుకుంటూ ఉంటారు. మధ్యాహ్నానికి ఆ పెద్దవాళ్లు వెళ్లిపోతే మిగిలేది పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. వాళ్లకు మా నుంచి కావలసింది కుర్చీ, ఫ్యాను, ఫోనుకు ప్లగ్గు. హాలు నిండా మనుషులుండేవారు. నా మొహం చూసి నాలుగు మాటలు మాట్లాడినవాళ్లు లేరు. ‘మేడం, ఫ్యాను’ అనేవాళ్లు. చివరి ఏళ్లలో అదే నా పేరేమో అనిపించేది. జనం మధ్య కూర్చుని ఒంటరిగా ఉండటం ఎట్లాగో నేను అక్కడే నేర్చుకున్నాను. వాళ్ల తప్పు కాదు. ఒక్క ఉద్యోగానికి వేలమంది రాసే పరీక్షలవి. ఎవరి భయం వాళ్లది.

వదిన గొంతు సాంచల దగ్గర పెరిగిన గొంతు. గుసగుస అనుకుని మాట్లాడినా వీధిలోకి వినబడుతుంది. ‘నీ కుర్సీ ఏదే పిల్లా’ అని అడగ్గానే, మూల బల్ల దగ్గర గైడు ముందేసుకుని కూర్చున్న ఒకాయన విసుగ్గా తలెత్తి నోటి మీద వేలు పెట్టాడు. ముప్పై దాటి ఉంటాయి, ముందరి జుట్టు పలచబడింది. అంతే, వదిన గబగబా వెళ్లి నీళ్ల కుండలోంచి గ్లాసు ముంచి, పట్టుచీర కొంగుతో గ్లాసు అడుగు తుడిచి, ఆయన ముందు పెట్టింది. ‘తాగు బిడ్డా, పొద్దుగాల్నించి చదువుతున్నట్టున్నవ్’ అంది. ఆయన నా వంక చూశాడు, గ్లాసు వంక చూశాడు, తాగేశాడు. ఎవరో ముందు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. అన్నేళ్లలో ఆ గదిలో అందరూ కలిసి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో వదిన, ‘నువ్వు సుత గట్లనే వేలు పెడుదువా?’ అని అడిగింది. పెట్టేదాన్నని చెప్పాను. ‘ఎవ్వలన్న నీళ్లిచ్చిన్రా?’ అంది. లేదన్నాను. ఇల్లు వచ్చేదాకా నా చేయి వదల్లేదు. ఇంట్లోకి వచ్చాక ముందు నాకు నీళ్లిచ్చి, తర్వాత చీర మార్చుకుంది.

అప్పుడు నడుస్తున్న భాగాల్లో వచ్చే లైబ్రేరియన్ కొంచెం మా లోకం మనిషి. నడివయసు, నలిగిన బట్టలు, తనలో తాను మాట్లాడుకునే అలవాటు. వదినకు ఆమె బాగా నచ్చింది. ఆఖరి భాగంలో గ్రంథాలయం మొత్తం కూలి ఆమె మీద పడింది. దుమ్ము లేచింది, హీరో పుస్తకంతో ఎగిరిపోయాడు, అయిపోయింది. మిగతా కథ వచ్చే ఏడు అన్నారు. ‘ఆమె బయటికెల్లిందా, లేదా? గది చెప్పకుండ ఎట్ల బంద్ జేస్తరు?’ అని వదిన అన్నం ముందు కూడా అదే గొడవ. ఆ కొత్త భాగాలు వచ్చేలోపు ఆవిడ కిడ్నీలు దెబ్బతిన్నాయి. షుగరు ఎప్పటినుంచో ఉంది. దవాఖానలో డయాలసిస్ మొదలుపెట్టారు. నీళ్లు కొలిచి తాగాలన్నారు, గుక్కెడు ఎక్కువైనా ప్రమాదమన్నారు. యంత్రం పక్కన మంచం మీద పడుకుని వదిన నా వైపు తిరిగి వేలు నోటి మీద పెట్టేది. నర్సు అది చూసి, ‘అవ్వ పండుకుంటదట, సప్పుడు చెయ్యకున్రి’ అని వార్డంతటికీ చెప్పేది. అందరూ నోళ్లు మూసుకునేవారు. ఆవిడ అడిగిందేమిటో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు, ఇవ్వకూడనిది కూడా నేనే. తడిగుడ్డ పెదాలకు అద్దేదాన్ని. ఏడుపు ఆపుకోవడానికి గోడ మీది క్యాలెండరు చదివేదాన్ని.

ఒకరోజు ‘మీ ఆమె ఎల్లిందా?’ అని అడిగింది. కొత్త భాగాలు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తాయో తెలియదు, ఈవిడకు ఎక్కువ రోజులు లేవని డాక్టరు నాకు చెప్పేశాడు.

‘ఎల్లింది వదినె’ అన్నాను.

‘ఎవలు తీసిన్రు?’

‘ఎవ్వలు తీయలే. ఆమెనే మెల్లగ ఎల్లింది.’

‘మరి పుస్తకాలు?’

‘సదురుతుంది.’

‘ఒక్కతేనా?’

‘ఒక్కతే.’

వదిన నా పెదాల వంకే చూస్తోంది. ఆవిడ చెవులను మోసం చేయవచ్చు కాని ఆ కళ్లను చేయలేం. ‘కథ నీదే గద పిల్లా. ఇంకొకల్ని పెడితే నీ సొమ్మేం పోతది?’ అంది.

ఎవరిని పెట్టమంటావని నేను అడగలేదు. ‘సరే, నిన్ను పెడుతున్న’ అన్నాను. ‘నాకు మోకాళ్లు నొస్తయి, వంగ. మీది అరలు నావి, కింది అరలు నీవి’ అని ముందే షరతు పెట్టింది. ఆ తర్వాత దవాఖానకు వెళ్లిన ప్రతిసారీ ఆ మంచం పక్కన కూర్చుని, కూలిపోయిన ఆ గ్రంథాలయాన్ని ఇద్దరం సర్దాం. ఆవిడకు చదువు రాదు కనుక రంగులను బట్టి, ఎర్రవి ఎర్రవాటి పక్కన, పచ్చవి పచ్చవాటి పక్కన పెట్టేది. అట్లా కాదు, నంబర్లను బట్టి పెట్టాలని నేను తగువు పడేదాన్ని. ‘నీ నంబర్లు ఎవలు చూస్తరే, రంగైతే అందరికి కండ్లవడుతది’ అనేది. సగం కూడా సర్దకముందే వదిన పోయింది.

ఆదివారం చిక్కుడుకాయలు పక్కన పెట్టి చివరికి హాల్లోకి వెళ్లాను. కొత్త ఊరు, కొత్త గ్రంథాలయం, పాత హీరోలు. బల్ల వెనక కొత్త లైబ్రేరియన్ ఒకమ్మాయి ఉంది. పాతామె గురించి ఒక మాట వస్తుందేమోనని చివరిదాకా చూశాను. బతికిందా, పోయిందా, ఒక్కరూ అడగలేదు. ఆమె పుస్తకంతోనే లోకాన్ని కాపాడిన హీరో కూడా అడగలేదు. కొత్తమ్మాయి ఎవరినో చూసి వేలు నోటి మీద పెట్టింది. నేను ఆలోచించకుండానే లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చాను. టీవీ ముందు ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డాక కాని చేసిన పని తెలియలేదు. వదిన కుర్చీలో కూర్చుని ఆ నీళ్లు నేనే తాగాను. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు. ఆగమని నేనూ అనడం లేదు. తీసుకుపోవలసినవాళ్లందరినీ తీసుకుపోతూ, ‘ఆమె ఏమైందే పిల్లా’ అని అడిగే ఒక్క మనిషిని నాకు విడిచిపెట్టి పోవలసింది.