నాయిన సైకిలుతో నాగర్‌కర్నూలు దాకా

గద్వాలలో ఉదయం ఆరున్నరకు వనపర్తి బస్సెక్కాను. నాకన్నా ముందే మా నాయిన సైకిలు టాపు ఎక్కింది. పదిహేను రోజుల కింద దానికి దెబ్బ తగిలింది. సోమవారం నుంచి కాలేజీకి తాత సైకిలు మీదే పోతానని మా బిడ్డ సరిత పట్టుబట్టింది. ఫ్రేము ఎక్కదగ్గదో కాదో తేల్చేది నాకు తెలిసి ఒక్కరే. మా వీధి మలుపులో సైకిలు దుకాణం నడిపి, ఇప్పుడు నాగర్‌కర్నూలులో కూతురి దగ్గరుంటున్న ఖాజా చిచ్చా.

"ఎట్లయింది సైకిలుకు?" లగేజీ టికెట్ కొడుతూ కండక్టర్ అడిగాడు.

"బర్రె పక్కనుంచొచ్చి గుద్దింది. మూడు దినాలు పాలియ్యలే, పాపం."

"అయ్యో" అన్నాడాయన, బర్రె మీద జాలితో.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనబడింది. చిన్నప్పుడు నాయిన ముందు కడ్డీకి తువ్వాల చుట్టి నన్ను కూర్చోబెట్టేవాడు. వెనక చీరల మూట. ఆయన గడ్డం నా నెత్తిన గీసుకునేది. ఆ సైకిలు వంతెన లేకుండానే నది దాటిందని బడిలో చెప్పాను. సగం తరగతి నమ్మింది.

ఎనిమిదింటికి వనపర్తిలో సైకిలు దింపుకుని ఇడ్లీ తిన్నాను. పక్కన పల్లీల గంప పెట్టుకున్న అవ్వ ఫ్రేము ముందు అతుకును చూసింది. "గా దారమేంది కొడుకా?"

"కిర్రుమంటుంటే కట్టిన అవ్వా. మేం నేసేటోళ్లం."

మా ఇంట్లో మగ్గం కట్టె విరిగినా, కళ్లద్దాల కాడ విరిగినా నాయిన పడుగు దారం బిగించి గంజి పూసేవాడు.

"కట్టేముందల పగిలిందేమో సూస్తివా?"

తొమ్మిదింటి బస్సు వచ్చి నన్ను కాపాడింది.

పదిన్నరకు నాగర్‌కర్నూలులో చిచ్చా ముందు సైకిలు నిలబెట్టి బర్రె కథ చెప్పాను. దారిలో దాని కొమ్ములు మూరెడు పెరిగాయి. ఆయన నా జేబులోని దారం తీసుకుని, వెనక ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టాన్ని చుట్టి మళ్లీ ఇరుసు రెండో పక్కకు లాగి కట్టాడు. సీటు గొట్టానికి అటూ ఇటూ దారానికున్న సందు కొలిచాడు. రెండూ ఒకటే.

"పక్కకు వంగలే. కింది గొట్టం మీద రంగు ముడతలు పడ్డది చూడు. ఎదురుంగ నిలబడ్డదాన్ని గుద్దినవ్."

"కరెంటు స్తంభం చిచ్చా. నాయినలెక్క చేతులొదిలి తొక్కిన."

"కట్టు విప్పు."

గంజి పట్టిన దారం పొరలుగా ఊడింది. అతుకు కింద వెంట్రుకంత గీత. చిచ్చా దాని మీద గోరు గీశాడు. గోరు ఆగింది.

"రంగు పగిలితే గోరు జారుతది. ఇది ఇనుమే పగిలింది. పిల్లను ఎక్కనియ్యకు."

"వెల్డింగ్ చేస్తే?"

"నేనైతే చెయ్య. మీ నాయిన కట్టెలకు కట్టిండు రా, ఇనుముకు ఏనాడు కట్టలే. నా దగ్గరికి తెచ్చేటోడు."

దెబ్బ తిన్న సైకిలుతో ఆ దారిన పోయేవాళ్లెవరైనా దానికి కట్టు కట్టకుండా తీసుకుపోండి.

కండెలు చుట్టే రాట్నానికి పనికొస్తుందని వెనక చక్రం విప్పించుకున్నాను. ముందు కడ్డీ మీద కాసేపు చెయ్యి పెట్టి, ఫ్రేమును అక్కడే వదిలేశాను.

సాయంత్రం వనపర్తిలో పొద్దుటి కండక్టరే ఎదురయ్యాడు. "కడమ సైకిలేది?"

"నేనే స్తంభానికి గుద్దిన. పగిలింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బర్రె ముచ్చటే నయముండె. గిది నేన్ నమ్మ."

వంతెన మీద ఎండ వాలింది. చక్రం ఒళ్లో పెట్టుకుని సరితకు ఏం చెప్పాలో లోపల అనుకుంటూ వచ్చాను. ఎటు తిప్పినా కండక్టర్‌తో అన్న ఆ రెండు ముక్కలే వచ్చాయి. అంత చిన్న కథ నేనెన్నడూ చెప్పలేదు.