నాందేడ్‌కు పోవలసిన ఫోన్లు

హైదరాబాదు కార్వాన్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఫోను మోగితే కాశమ్మ వెంటనే లేవదు. చీరకు ఫాల్ కుడుతున్న సూదిని గుడ్డకే గుచ్చి, మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా లేస్తుంది. తొందరపడి లాభం లేదు. ఆ ఫోను మోగేది తమ కోసం కాదు, నాందేడ్‌లోని ఒక దవాఖానా కోసం.

"హలో, దవాఖానానా?"

"కాదు నాయినా, గిది ఇల్లు. ముందు సున్నా కొట్టి చెయ్యి."

హైదరాబాదులో అందరి నంబర్ల ముందూ 'రెండు' అనే అంకె తగిలించిన ఏడు మొదలైంది ఈ పీడ. అంతకుముందు ఆ ఫోను బుద్ధిగానే ఉండేది. కాశమ్మ భర్త సీమోను టెలిఫోను శాఖలో లైన్‌మన్. ఉద్యోగి ఇల్లు కాబట్టి ఫోను ఉచితం. మొదట్లో ఇరుగుపొరుగు దాన్ని చూడడానికే వచ్చేవారు. తర్వాత ఈ తప్పు ఫోన్లు మొదలయ్యేసరికి కాశమ్మ ఒకరోజు మొగుణ్ణి నిలదీసింది.

"దేశంల గిన్ని ఇండ్లుండంగ అందరు మనింటికే ఎందుకు జేస్తున్నరయ్యా?"

సీమోను చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "దేశాన్నంత దిక్కుల లెక్కన పంచిన్రు. ముందు సున్నా కొడితే, నేను ఊరు దాటి పోతున్న అని ఎక్స్ఛేంజికి చెప్పినట్టు. దాని ఎనుకటి అంకె ఏ దిక్కో చెప్తది. ఒకటంటే ఢిల్లీ దిక్కు, రెండంటే బొంబాయి దిక్కు, మూడంటే కలకత్తా దిక్కు. మన దిక్కుకు ఎనిమిది. పెద్ద పట్నమైతే కోడు కురచ, చిన్న ఊరైతే పొడుగు. ఎట్ల జూసినా కోడు, నంబరు కలిపితే పది అంకెలే."

"మన పట్నానికి నలభై గదా? ఎనిమిది యాడుంది?"

"ముందుగాల మనకు గూడ ఎనిమిదితోనే ఉండె. ఊరు పెరిగింది, నంబర్లు సాల్తలెవ్వు. కోడు కురచ జేసి నంబరు పొడుగు జేసిన్రు. నాందేడ్‌దేమో బొంబాయి దిక్కు. దాని కోడు రెండు నాలుగు ఆరు రెండు. మనింటి నంబరు మొదలు గూడ గదే. సున్నా మర్చినోడు ఊరు దాటడు, ఎనిమిది అంకెలు కాంగనే మనింట్ల మోగుతది. మిగిలిన రెండంకెలు వాడు ఉత్తగ కొట్టుకుంటడు."

"అయితే మన నంబరన్న మార్పియ్యి."

మార్పిస్తానన్నాడు. అంటూనే రిటైరయ్యాడు.

మొదటి రోజుల్లో కాశమ్మ తిట్టేది. కానీ ఫోను చేసేవాళ్లంతా రోగుల మనుషులు. ఒకాయన తల్లికి ఆపరేషన్ అయిందా అని అడుగుతాడు. ఒకామె హలో అనకుండానే ఏడుస్తుంది. అట్లాంటి గొంతులను ఎంతకని తిట్టగలదు? కోపం పోయి ఆ చోట అలసట మిగిలింది. సెల్‌ఫోన్లు వచ్చాక ఈ పిలుపులు తగ్గాయి గాని, దుకాణాల నుంచీ ముసలివాళ్ల ఇళ్ల నుంచీ వచ్చేవి మాత్రం ఆగలేదు.

పోయినేడు వానాకాలంలో నాగమణమ్మ ఫోను చేసింది. ముసలి గొంతు. మొదటిసారి చెప్పినప్పుడు సరేనని పెట్టేసింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఆమే.

"అక్కా, సున్నా కొట్టమంటి గదా?" అంది కాశమ్మ.

"సున్నా కొడ్తె పోతలేదమ్మా. దుకాణపోళ్లు ఊర్లకు జేస్తున్నరని మా ఆయన ఎప్పుడో ఊరి బయటి ఫోన్లకు తాళమేపిచ్చిండు. సున్నా లేకుంట కొట్టి చూస్తున్న, ఏమన్న పోతదేమోనని."

"మరి ఇంట్లోళ్లకు చెప్పరాదు?"

నాగమణమ్మ గొంతు తగ్గించి చెప్పింది. వాళ్లది ఇదే ఊళ్లో మాదన్నపేట. భర్త వైకుంఠం పప్పుల టోకు వ్యాపారి. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు బాలకిషన్ వేరే కులపు పిల్లను చేసుకుని నాందేడ్‌లో ఉండిపోయాడు. ఈ ఇంట్లో వాడి పేరెత్తవద్దని వైకుంఠం ఆనాడే అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు తమ్ముడికి కిడ్నీలు చెడిపోయి దవాఖానాలో పడి ఉన్నాడని కూరగాయల మార్కెట్లో ఒక చుట్టం చెవిలో చెప్పి, నంబరిచ్చి పోయింది.

ఆ సాయంత్రం కాశమ్మ సీమోనును అడిగింది, ఆ ఇంటి ఫోనుకు తాళం తీయించలేవా అని.

"లైను ఆ సేటు పేరు మీదుంటది. ఆయన సంతకం లేంది ఎవరు తీస్తరే?"

"ఆయనకు తెల్వొద్దనే గదా ఆమె గోస."

"మరి నువ్వే చెయ్యి. మన ఫోనుకు తాళం లేదు గదా," అని సీమోను అటు తిరిగి పడుకున్నాడు. విసుగుతో అన్నాడు గాని, కాశమ్మకు అది దారిలా కనబడింది.

మర్నాడు, నాగమణమ్మ చెప్పిన నంబరుకు ముందు సున్నా కొట్టి నాందేడ్‌కు చేసింది. అన్నేళ్లుగా వేరేవాళ్లకు చెప్పడమే గాని, తాను ఎన్నడూ ఆ దవాఖానాకు చేయలేదు. వార్డులో ఎవరో మగ గొంతు పలికితే, "భాయ్, బాలకిషన్ నామ్ కా పేషెంట్ కైసా హై?" అని, ఎట్లున్నాడో అడిగింది. మధ్యాహ్నం భోజనం చేసి వైకుంఠం దుకాణానికి పోగానే నాగమణమ్మ మళ్లీ ఆ నంబరే కొట్టి చూసింది. కాశమ్మ విన్నది విన్నట్టు చెప్పింది.

అది అలవాటైంది. పొద్దున ఒక ఫోను, మధ్యాహ్నం ఒక ఫోను. మధ్యలో చీరలు పేరుకుపోయేవి. మనకెందుకీ లొల్లి అని కాశమ్మ చాలాసార్లు అనుకుంది. ఒకసారి వార్డువాళ్లు బాలకిషన్ భార్యను పిలిచి ఫోను ఇచ్చారు. అక్క తరఫున అడుగుతున్నానని చెబితే ఆమె పక్కకు తిరిగి ఏదో మాట్లాడి, మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"అక్క ఎడమ చెవి ఇంకా నొస్తుందా అని అడుగుతున్నారు."

ఆ మాట చెప్పగానే నాగమణమ్మ నవ్వింది. నవ్వు ఆగకముందే ఏడ్పు వచ్చింది. "చిన్నగున్నప్పుడు వాడే గదమ్మా, చెవుల చింతగింజ పెట్టిండు. ఇంక యాదికుందా వానికి? నొస్తలేదని చెప్పు. ఏం నొస్తలేదని చెప్పు."

కాశమ్మ మర్నాడు చెప్పింది. తర్వాత రెండు వారాలు బాగానే ఉందన్నారు. ఒక సోమవారం మాత్రం వార్డులో ఆ మగ గొంతు ఆమెను పేషెంటు పేరు పూర్తిగా చెప్పనివ్వకుండానే అంది. "వో గుజర్ గయే, అమ్మా. కల్ షామ్ కో. ఘర్ లే గయే."

నిన్న సాయంత్రమే పోయాడు, ఇంటికి తీసుకుపోయారు. కాశమ్మ ఫోను పెట్టి అక్కడే కూర్చుంది. తమ వాళ్లు పోయినట్టు ఏడ్పు రాలేదు. మధ్యాహ్నం ఫోను మోగుతుంది, తాను చెప్పాలి. ఆ ఇంట్లో నాగమణమ్మ ఒక్కతే ఉంటుంది, వింటుంది, ఫోను పెడుతుంది, సాయంత్రం మొగుడు వస్తే మొహం కడుక్కుని అన్నం పెడుతుంది. అట్లా కావడానికి కాశమ్మకు మనసొప్పలేదు.

ఫోను మోగింది.

"ఎట్లున్నడు చెల్లె?"

"లైను కలుస్తలేదక్కా. నేను మార్కెట్ దిక్కు వచ్చేదుంది. మీ ఇల్లెక్కడో చెప్తే ఒక్కసారి కలిసిపోత."

నాగమణమ్మ గుర్తులు చెప్పింది.

కాశమ్మ ఆటోలో మాదన్నపేట చేరేసరికి వాన పడుతోంది. తలుపు తీసింది వైకుంఠమే. జ్వరంగా ఉందని ఆ రోజు దుకాణం నుంచి తొందరగా వచ్చేశాడట. తెల్లటి మీసాలు, మెడకు మఫ్లర్.

"ఎవరు గావాలె?"

"చీరలకు ఫాల్ కుడ్త అయ్యా. అమ్మ రమ్మన్నది."

ఆ గొంతు విని నాగమణమ్మ వంటింట్లోంచి వచ్చింది. అంతవరకు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాశమ్మ మొహం చూడగానే నాగమణమ్మకు అర్థమైంది. గోడ పట్టుకుంది. కాశమ్మ పోయి ఆమె భుజం పట్టుకుని, "నిన్న పొద్దుగూకంగ, అక్కా," అంది మెల్లగా.

నాగమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు గదిలోంచి వైకుంఠం కేకేశాడు. "ఏమైంది? ఏంది గా ఏడ్పు?"

అబద్ధం చెబుతుందేమో అనుకుంది కాశమ్మ. చెప్పలేదు. నాగమణమ్మ కొంగు తీసి, వాకిలి దగ్గరకు వచ్చి నిలబడి, మామూలు గొంతుతోనే అంది. "మా తమ్ముడు పోయిండు. బాలకిషన్ పోయిండు."

ఆ పేరు ఆ గోడల మధ్య వినపడి ఎన్నేళ్లయిందో. వైకుంఠం ఫ్యాను వైపు చూశాడు. తర్వాత కాశమ్మను చూశాడు. "నీకెట్ల దెల్సు?"

కాశమ్మ చెప్పింది. సున్నా సంగతి, ఫోను తాళం సంగతి, దవాఖానా సంగతి. దాచడానికి ఓపిక లేదు ఆమెకు. ఆయన అంతా విని భార్య వైపు తిరిగాడు. "నాకొక్క మాట చెప్పకపోతివి?"

"చెప్తే ఏం జేస్తుంటివి?"

వైకుంఠం మఫ్లర్ సర్దుకుని లేచాడు. "కాచిగూడల రాత్రి బండి ఉంటది నాందేడ్‌కు. బట్టలు సర్దు."

"నీకు జరం గదా."

"ఉండనియ్యి."

కాశమ్మ వానలోనే ఇంటికి వచ్చింది. సీమోను అన్నం వండి పెట్టాడు. రెండు ముద్దలు తిని పడుకుంది.

బాలకిషన్ దినాలైన తర్వాత ఒక మధ్యాహ్నం నాగమణమ్మ ఆటో దిగి, అడుగుతూ అడుగుతూ కార్వాన్‌లోని ఆ ఇంటికి వచ్చింది. ఇద్దరూ మంచం మీద కూర్చుని టీ తాగారు. మరదలి గురించి చెప్పింది. మంచి పిల్లట, మాట తక్కువట, అచ్చం తమ్ముడిలాగే తల ఊపుతుందట.

"మా ఆయన ఉన్నడు గదా," అంది చివరికి, గ్లాసు కింద పెట్టి. "వాని ఇంటి ముంగట కూసోని నా కంటె ఎక్కువ ఏడ్సిండు. అందరు పట్టుకోవల్సొచ్చింది. నాకు జాలి గూడ రాలే చెల్లె, కోపం గూడ రాలే. గా ఏడ్పేదో వాడు బతికున్నప్పుడు ఏడిస్తే ఏం బోయేది?"

నాగమణమ్మ గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది. కాసేపటికి అట్లాగే నిద్రపోయింది. కాశమ్మ ఆమె కాళ్ల మీద దుప్పటి కప్పి, తన చీర ముందేసుకుని కుట్టు మొదలుపెట్టింది.