మూతపడని ఎడమ కన్ను

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు నేను రెండు కళ్ళలోనూ మందు పెట్టుకుని, పైన తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. మందు పెట్టిన ప్రతిసారీ వేళ రాయమని క్లినిక్ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. అందుకే టైము అంత ఖచ్చితంగా చెప్పగలుగుతున్నాను. నేను పడుకున్నంతసేపూ ఫోను వంటగదిలో, శబ్దం లేకుండా, ఛార్జింగ్‌లో ఉంది. ఆ అరగంటలో రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండూ మా అక్క తరఫున వచ్చినవే. మా అక్క పోయింది ఆ అరగంటలోనే.

నా పై రెప్పలు చిన్నప్పటి నుంచీ కొంచెం వాలి ఉండేవి. నలభై దాటాక కనుపాపల మీదికి దిగాయి. షార్జాలో, రోలా దగ్గర, వీసా కాగితాలు టైప్ చేసే సెంటర్‌లో నా పని. తెర మీద పై వరుస చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వచ్చేది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు, ఈ మేడమ్ నిద్రలోనే టైప్ చేసేస్తుందని హిందీలో నవ్వుకునేవారు. ఐడీ కార్డు ఫోటో తీసేచోట కళ్ళు తెరవమని మూడుసార్లు చెప్పారు. తెరిచే ఉన్నాయని మూడుసార్లూ చెప్పాను.

రెప్పలు పైకెత్తే ఆపరేషన్ చేయించుకోమని పట్టుబట్టింది అక్కే. ఆమె అల్ ఐన్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేసేది. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను చదివించింది తనే, తనకు మాత్రం అక్షరం ముక్క రాదు. అందుకని పగటిపూట ఏ కబురైనా ఆ ఇంటి డ్రైవరు రాసి పంపేవాడు. కోనసీమ మనిషి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసేవాడు. 'అక్క తిన్నావా అంటోంది', 'అక్క ఆదివారం వస్తోంది', 'అక్క పడుకుంది'. ఆయన మెసేజ్‌లన్నీ 'అక్క' అనే మొదలయ్యేవి.

ఆపరేషన్ రెండు రెప్పలకూ ఒకేరోజు చేశారు. మత్తు రెప్పలకు మాత్రమే ఇచ్చారు. మధ్యలో లేపి కూర్చోబెట్టి, తెరువు, మూయి అన్నారు. సాయంత్రం ఇంటికి పంపేశారు. మర్నాటికి కుడి కన్ను మూస్తే మూతపడింది. ఎడమది పడలేదు. ఎంత బిగించినా కింద సన్నగా తెల్లగుడ్డు కనిపిస్తూనే ఉంది.

చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుందనీ, సర్దుకోకపోతే మళ్ళీ కోయాలనీ డాక్టర్ చెప్పాడు. అప్పటిదాకా కన్ను ఎండిపోకూడదు. వంగకూడదు, నలపకూడదు, ఏడవకూడదు. నర్సు మలయాళీ అమ్మాయి. 'రోనా మత్, చేచీ' అంది. చేచీ అంటే వాళ్ళ భాషలో అక్క. నాకు ఏడవాల్సిన పనేముందని నవ్వాను.

రోజుకు ఇన్నిసార్లని ఎడమ కన్ను మూసి తెరిచే వ్యాయామం చెప్పారు. అక్క సాయంత్రం నాలుగింటికి పని ఆపుకుని వీడియోలో కనిపించేది. నాతో పాటు తనూ ఎడమ కన్ను మూసేది. ఒక్క కన్ను మూస్తే తన నోరు పక్కకు పోయేది.

"ఏమే, కన్ను మూశావా?" అంది మొదటిరోజు.

"అలా అనకూడదు. మూసుకున్నావా అనాలి."

"రెండూ ఒకటి కాదేంటి?"

"కాదు. కన్ను మూయడమంటే చచ్చిపోవడం."

"చచ్చేవాళ్ళు రెండూ మూస్తారే పిచ్చిదానా. నీది ఒకటే కదా. నీ చదువు తగలెయ్య, ముందు మూయి."

ఆ తర్వాత నేనూ సరిచేయడం మానేశాను. మా మధ్య అదే మాటయింది. నాతో గది పంచుకునే కరీంనగర్ అమ్మాయి కూడా డ్యూటీ నుంచి రాగానే, "కన్ను మూసినవా అక్కా?" అనేది.

నాలుగో రోజు మధ్యాహ్నం నన్ను నిద్ర లేపింది ఆ అమ్మాయే. కళ్ళ నిండా మందు ఉండి నాకు ఏదీ స్పష్టంగా లేదు. వంటగదిలోంచి ఫోను తెచ్చి తనే చదివింది.

"డ్రైవరన్న మెసేజ్ పెట్టిండు. అక్క కన్ను మూసింది అట. గంతే. సూడు, మీ అక్క మూస్తనే ఉన్నది, నువ్వే ఎనకబడ్డవ్."

ఇద్దరం నవ్వాం.

"రెండు మిస్డ్ కాల్స్ గూడ ఉన్నయ్."

"వీడియో కోసం చేసి ఉంటుంది. సాయంత్రానికి నేనూ మూస్తానని రాయి."

రాసి పంపింది. నేను మళ్ళీ తడిగుడ్డ వేసుకున్నాను.

రెండు నిమిషాల్లో ఆయన ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

"చిన్నక్కా, మీరు తొందరపడి ఏమీ చేసుకోకండి. మీ కాళ్ళట్టుకుంటాను."

"నేనేం చేసుకుంటాను?"

"మీరే రాశారు కదండీ, సాయంత్రానికి నేనూ అని."

ఆయన ఏడుస్తున్నాడు. తడిగుడ్డ తీసేసి లేచి కూర్చున్నాను. నేను చదువుకున్నదాన్ని. ఆ మాటకు అర్థం నాకు తెలియక కాదు. ఆ మాట అనవద్దని అక్కకు చెప్పింది నేనే.

వంటగదిలో గుండె పట్టుకుని కూలబడిందట. కారులో ఆసుపత్రికి తీసుకెళుతూ మొదటి ఫోన్ చేశాడు. రెండోది ఆసుపత్రి గుమ్మంలో. అప్పటికే అయిపోయింది.

"మొదటిసారి అక్కే చెయ్యమంది కదూ?"

"అవునండి. చెల్లికి కలుపు అన్నారు."

"ఇంకేమంది?"

"ఇంకేం లేదండి. కలుపు అన్నారంతే."

ఆయన్ని ఆ ప్రశ్న తర్వాత చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ అదే చెప్పాడు. ఏదో ఒకటి కల్పించి చెబుతాడేమోనని చూశాను, చెప్పలేదు.

అల్ ఐన్‌కు ట్యాక్సీలో గంటన్నర. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాను. కరీంనగర్ అమ్మాయి దారంతా నా చేతులు పట్టుకుని కూర్చుంది, కళ్ళు నలుపుకుంటానేమోనని. ఆసుపత్రిలో అక్క పనిచేసిన ఇంటి పెద్దావిడ నన్ను దగ్గరకు తీసుకుని, 'ఖలాస్, ఖలాస్', ఇక చాలు ఊరుకో అంటూ వీపు నిమిరింది. నా కళ్ళద్దాలు తీసి చూసి ఆమె కూడా ఏడ్చింది. కళ్ళు అలా వాచాయంటే నేను ఏడ్చి ఏడ్చి వచ్చాననుకుంది. పరామర్శకు వచ్చిన తెలుగువాళ్ళూ అలాగే అనుకున్నారు. "ఇంక ఊరుకోమ్మా, ఎంతని ఏడుస్తావు" అన్నారు. అప్పటికి నేను ఏడవలేదు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అది మూతపడని కంటి నీరు.

మర్నాడు అక్కను చూపించారు. మందు తుడిచేసుకుని వెళ్ళాను. అయినా మసకగానే కనిపించింది. ఇంకాస్త దగ్గరకు వెళ్ళి చూద్దామంటే వంగాలి. వంగబోతే ఆ అమ్మాయి భుజం పట్టుకుంది. "వద్దు అక్కా, కుట్లు తెగుతయ్." నేను వంగలేదు. ఇప్పటికీ దాని గురించి ఆలోచిస్తాను. కుట్లు తెగితే తెగేవి.

అక్కను ఊరికి పంపే కాగితాలు అక్కడి టైపింగ్ సెంటర్‌లో చేయించాం. నేను రోజూ చేసే పని లాంటిదే. అక్క పేరులో ఒక అక్షరం తప్పు పడితే నేనే పట్టుకున్నాను. తెర పై వరుసలో ఉంది. గడ్డం ఎత్తకుండానే చదవగలిగాను. ఆపరేషన్ మంచిగా అయిందని నాకు తెలిసింది ఆ కుర్చీలోనే.

అక్క వెళ్ళిన విమానంలో నాకు టికెట్ దొరకలేదు. అక్కడ అక్క కొడుకు ఎయిర్‌పోర్టుకు వచ్చి దింపుకున్నాడు.

మూడు వారాలకు ఎడమ కన్ను మూతపడింది. అక్క పోయాక అద్దం చూసుకోలేదు, నాకు తెలియలేదు. చెకప్‌లో నర్సు చూసి, "బంద్ హో గయా, చేచీ!" అని చప్పట్లు కొట్టింది. ఇప్పుడు ఏడవవచ్చా అని అడిగాను. జోకనుకుని నవ్వింది. ఏడవవచ్చని డాక్టర్ చెప్పాడు. గదికి వచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కొన్ని నెలల తర్వాత ఒకరోజు, ఎవరిదో పుట్టినతేదీ టైప్ చేస్తుంటే వచ్చింది.

కళ్ళు పెద్దవయ్యాయనీ, వయసు తగ్గిందనీ ఇప్పుడు అందరూ అంటారు. థాంక్స్ చెబుతాను.

డ్రైవరు అదే ఇంట్లో పనిచేస్తున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, తిన్నారా చిన్నక్కా అని అడుగుతాడు. మొన్న వాళ్ళ ఊరి మనిషి ఒకతను దుబాయ్‌లో కూలీల క్యాంపులో చనిపోతే, ఇంటివాళ్ళు ఎత్తేదాకా పదకొండుసార్లు ఫోన్ చేశానని చెప్పాడు. చావు కబురు ఆయన ఇప్పుడు రాసి పంపడు.