ఫోన్ చెయ్యని శేషుకుమారి

శేషుకుమారి డార్విన్ ఊరి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నాలుగిళ్ళు. పిల్లలు లేరు. మొగుడు నాగభూషణం పోయి రెండేళ్ళయింది. అతను వదిలిపెట్టి వెళ్ళినవి ఒక ఇల్లు, కారు వెనక ట్రైలర్ బండి మీద లాక్కెళ్ళే ఒక అల్యూమినియం పడవ. ఇల్లు అమ్మెయ్యమని ఎవరూ అనలేదు. పడవ అమ్మెయ్యమని అనని మనిషి లేడు.

నాగభూషణం ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. పెట్టింది తినడం, చెయ్యి కడుక్కోవడం, కుర్చీలో కూర్చోవడం. వాళ్ళింటికి వెళ్తే టీవీ ఒక్కటే మనల్ని పలకరించేది. అలాంటివాడు పడవ నీళ్ళలోకి దిగి మోటారు ఆపగానే మొదలుపెట్టేవాడట. రేపల్లె కాలవలో నేర్చిన ఈత, తండ్రి కొట్టిన దెబ్బలు, పనిలో ఎవడితోనో తగువు, అన్నీ చెప్పేవాడట.

"వారానికి ఒక్కరోజు నాకు పెళ్ళయినట్టుండేదక్కా" అంది శేషుకుమారి ఒకసారి.

అందుకే అమ్మదు. ఈ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే అడగడం మానేసేవాళ్ళే. కానీ చెప్పడానికి ఆవిడకి నామోషీ.

అడిగేవాళ్ళలో మొదటివాడు మరిది భానుప్రసాద్. పోర్టులో క్రేను నడుపుతాడు. వదిన ఇంట్లో కుళాయి కారినా, బల్బు మాడినా వచ్చి బాగుచేసి పోయేవాడు. మంచివాడే. కానీ ఆడది కారు వెనక్కి తీస్తుంటే వెనకాల నిలబడి చేతులూపకుండా ఉండలేడు. కిందటి జూన్‌లో మా ఇంటి పెరట్లో బార్బీ, అదే మాంసం కాల్చుకుని తినే విందు, పెట్టుకున్న రోజు అందరి ముందూ మొదలుపెట్టాడు.

"ట్రైలర్ లాగడం నీవల్ల కాదు వదినా. నాకిచ్చెయ్, నేను చూసుకుంటా."

"ఎందుక్కాదు? మీ అన్నయ్య లాగలేదా?"

"అన్నయ్య మగాడు."

"ఆ సంగతి ట్రైలర్‌కి తెలుసా?"

జనం పళ్ళాలు పట్టుకుని నవ్వారు. భాను మొహం ఎర్రబడింది.

"సరే. నువ్వే లాక్కెళ్ళు. ఎన్నిసార్లయినా వెళ్ళు. కానీ రోడ్డు మీద ఆగిపోయి నాకు గానీ, మనవాళ్ళలో ఇంకెవరికి గానీ ఒక్క ఫోన్ చేశావో, ఆ రోజే పడవ తాళం నా చేతిలో పెట్టాలి."

"చెయ్యకపోతే?"

"జన్మలో మళ్ళీ అమ్మమని అడగను."

"ఇంతమంది విన్నారు. మాట తప్పకు" అంది శేషుకుమారి.

ఆవిడ ఊరికే అనలేదు. అంతకుముందు నాలుగు నెలలు ఆదివారం ఆదివారం ఫుట్‌బాల్ మైదానం పక్కన ఖాళీ జాగాలో ట్రైలర్ వెనక్కి తియ్యడం నేర్చుకుంది. స్టీరింగు కుడికి తిప్పితే వెనకాల ట్రైలర్ ఎడమకి పోతుంది. ఖాళీ నూనె డబ్బాలు నిలబెట్టుకుని, వాటిని పడగొట్టుకుని, మళ్ళీ నిలబెట్టుకుని నేర్చింది. తాళ్ళు బిగించడం వచ్చు, లైట్లు తగిలించడం వచ్చు. రానిది ఒకటే. ట్రైలర్ ఉప్పునీళ్ళలో మునిగి లేచినప్పుడల్లా చక్రం గుండెకాయలాంటి బేరింగు లోపలికి నీళ్ళు పోతాయి. గ్రీజు మార్చుకుంటూ ఉండాలి. నాగభూషణం ఆ పని చేసేవాడు. ఆయన ట్రైలర్ కింద పడుకుని ఏదో చేస్తుంటే ఈవిడ టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చేది. ఏం చేస్తున్నావని అడిగినా చెప్పేవాడు కాదు. అది ఇల్లు కదా.

జూలైలో ఒక శనివారం డండీ బీచికి బయల్దేరింది. రెండు గంటల దారి. నన్ను రమ్మంది.

"మాట్లాడటానికి కాదక్కా. ఊరికే పక్కన కూర్చో. ఆ సీటు ఖాళీగా ఉంటే మెడ తిప్పలేకపోతున్నాను."

పదకొండున్నరకి పోటు నిండుగా ఉంటుంది, ఆలోపు పడవ దించాలి, తర్వాత నీళ్ళు వెనక్కిపోయి బురద మిగులుతుందని చెప్పింది. ఆరున్నరకి ఇల్లు దాటాం. బెర్రీ స్ప్రింగ్స్ దాటి, ఫాగ్ బే రోడ్డెక్కాక ఇంక ఇళ్ళు లేవు. రెండుపక్కలా కాలిపోయిన గడ్డి, మనిషెత్తు చెదపుట్టలు, పైన గద్దలు. నాకు ముందు వాసన తగిలింది, మూకుడులో మాడిన నూనె వాసన. అద్దంలో చూస్తే ఎడమ చక్రం దగ్గర పొగ.

"ఆపవే! వెనకాల పొయ్యి వెలిగింది."

ఆపింది. చక్రం తప్పతాగినవాడిలా పక్కకి వాలింది. శేషుకుమారి దాని మధ్యభాగం మీద చెయ్యి పెట్టి, పెట్టినంత వేగంగా తీసేసింది. వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

"భానుకి చేస్తే గంటన్నరలో వస్తాడు" అన్నాను.

"వస్తాడు. పడవ తీసుకుపోవడానికి."

"పోనీ మా అల్లుడికి చేస్తాను. నోరు మూసుకుని పడుంటాడు."

"మనవాళ్ళెవరికీ చెయ్యకూడదన్నాడక్కా. నువ్వు నీ ఫోన్ తీసి సంచిలో పెట్టు."

ఏటేటా డబ్బు కట్టి పెట్టుకున్న రోడ్డు సాయం కార్డు ఒకటుంది. వాళ్ళు మనవాళ్ళు కారు గనక ఫరవాలేదు. కానీ ఆ రోడ్డు మీద సిగ్నల్ లేదు. ట్రైలర్ ఎక్కి, పడవలోకి ఎక్కి, ముందుభాగంలో నిలబడితే ఒక గీత కనిపించింది. అక్కణ్ణించి చేసింది.

"మై బోట్ స్టాప్డ్" అంది. "వెరీ బ్యాడ్. స్మోక్ కమింగ్."

అవతల పిల్ల కంగారుపడింది. "ఆర్ యూ ఆన్ ద బోట్ నౌ?"

"యెస్, ఆన్ ద బోట్."

"హౌ మెనీ పీపుల్?"

"టూ. బోత్ లేడీస్."

"ఈజ్ దేర్ వాటర్ ఇన్ ద బోట్?"

"నో వాటర్" అంది శేషుకుమారి మా సంచి వైపు చూసి. "ఓన్లీ టూ బాటిల్స్."

ఆ పిల్ల ఫోన్ సముద్రంలో మునిగేవాళ్ళని రక్షించేవాళ్ళకి కలిపింది. వాళ్ళు లైఫ్ జాకెట్లు వేసుకోమన్నారు. ఈవిడ వేసుకోబోయింది కూడా. నేను కింద నుంచి "రోడ్డు మీద ఉన్నామని చెప్పవే!" అని అరిచాక అవతలివాళ్ళకి సంగతి అర్థమైంది. నవ్వి, లారీ పంపిస్తామన్నారట. రెండేళ్ళ తర్వాత ఆవిడ పగలబడి నవ్వడం అప్పుడే చూశాను. నవ్వు అయ్యాక ఇద్దరం చక్రం వైపు చూశాం.

రెండు గంటలు ఎదురుచూశాక పెద్ద లారీ వచ్చింది. అందులోంచి తెల్లగడ్డం మనిషి దిగాడు. కార్డు చూశాడు, చక్రం చూశాడు, తల ఊపాడు. కార్డు కారుకి. కారు చెడిపోతే దాని వెనకున్న పడవనీ మోస్తారు. కారు బాగుండి ట్రైలర్ చెడిపోతే మోయరు.

"అయితే కారు చెడగొట్టమను" అన్నాను.

శేషుకుమారి అతనికి అది ఇంగ్లీషులో చెప్పలేదు. ఆమె మొహం చూసి అతనికి జాలి వేసినట్టుంది. తన జాకీతో ట్రైలర్ లేపి, కింద దుంగలు పేర్చి, చక్రం ఊడదీసి, మాడిపోయిన బేరింగు ముక్కని గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. హంప్టీ డూ అనే ఊళ్ళో పడవ సామాన్ల కొట్టు ఉంది, ఇది చూపించి కొత్తది తెచ్చుకో, నేను ఇంకో పనికి పోవాలి అన్నాడు. ఎలా బిగించాలో ఖాళీ ఇరుసు మీద రెండుసార్లు చేసి చూపించాడు. నట్టు గట్టిగా బిగించి, తర్వాత కాస్త వదులు చెయ్యాలి. మరీ బిగిస్తే మళ్ళీ కాలుతుంది.

పడవని వదిలి ఇద్దరం పోతే మోటారు ఎవడైనా ఎత్తుకుపోతాడు. నాకు కారు రాదు. కనక నేను ఉండాలి. చుట్టుపక్కల నీడ లేదు, పడవ మీద గుడ్డ పందిరి తప్ప. లారీ అతను నన్ను పసిపిల్లని ఎత్తినట్టెత్తి పడవలో కూర్చోబెట్టాడు. డెబ్భై నాలుగేళ్ళ ఒళ్ళు, మొగుడు కూడా అలా ఎత్తలేదు. వాళ్ళిద్దరూ చెరో వైపూ వెళ్ళిపోయారు.

మూడు గంటలు కూర్చున్నాను. ఎండలో అల్యూమినియం టిక్కు టిక్కుమంటోంది. రెండు కార్లు పోయాయి. ఒకడు చెయ్యి ఊపాడు, సరదాకి కూర్చున్నాననుకున్నాడేమో. ఈవిడ ఇకమీద ఈ రోడ్డు మీద ఒంటరిగా పోయి రాగలదా అనుకున్నాను. పన్నెండు దాటాక, పడవలో అందే ఆ ఒక్క గీత పుణ్యమా అని, సంచిలో ఫోన్ మోగింది. భానుప్రసాద్.

"ఆంటీ, ఎక్కడున్నారు?"

"పడవలో ఉన్నాను." అబద్ధం కాదు.

"వదిన?"

"పనిలో ఉంది. ఆవిడకే చెయ్యకపోయావా?"

"చేస్తే పరీక్ష పెడుతున్నానంటుంది. చేపలేమైనా పడ్డాయా?"

"ఇంకా లేదు."

"అలలున్నాయా?"

కాలిన గడ్డి మీద ఒక గద్ద వాలింది. "అస్సలు కదలడం లేదు నాయనా" అన్నాను.

పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు.

"నేను ఆ పడవ ఒక్కసారీ ఎక్కలేదు ఆంటీ. ఎనిమిదేళ్ళు వాళ్ళిద్దరే వెళ్ళేవాళ్ళు. ఒకసారి వస్తానని అడిగాను. చోటు లేదురా అన్నాడు అన్నయ్య. నలుగురు పట్టే పడవ."

"ఈ మాట మీ వదినతో అనొచ్చుగా?"

"అనకండి. మీరూ అనకండి" అని పెట్టేశాడు.

రెండింటికి శేషుకుమారి వచ్చింది. ఇరుసు గుడ్డతో తుడిచింది, కొత్త ముక్క తొడిగింది, నట్టు బిగించింది. వదులు చెయ్యమని గుర్తుచేద్దామని నోరు తెరిచేలోపే వదులు చేసింది. మోచేతుల దాకా గ్రీజు. చక్రం ఎక్కించి తిప్పి చూసింది. చప్పుడు లేకుండా తిరిగింది. కారు జాకీతో ట్రైలర్‌ని దుంగల మీంచి దించింది. పోటు ఎప్పుడో పోయింది. పడవ తడవకుండానే ఇంటికొచ్చాం. దారిలో నాలుగుసార్లు ఆపి, దిగి, బిడ్డకి జ్వరం చూసినట్టు చక్రం మీద చెయ్యి వేసి చూసింది.

ఆదివారం నేను శేషుకుమారి ఇంట్లో ఉండగా భాను వచ్చాడు. ట్రైలర్‌కి ఒక పక్క కొత్త చక్రం గుండె మెరుస్తుంటే చూశాడు. అర్థమైంది.

"ఎవరికీ చెయ్యలేదా?"

"చెయ్యలేదు. ఆంటీని అడుగు."

నన్ను అడగలేదు. "సరే వదినా, పడవ నీదే" అన్నాడు. కాఫీ తాగకుండా వెళ్ళాడు. అప్పటినుంచి కుళాయి కారినా ఈవిడ చెప్పదు, అతను రాడు. ఒక్క ఫోన్ చేస్తే ఓడిపోయినట్టని ఆవిడకి. చేస్తే పహరా కాస్తున్నట్టని అతనికి.

నెలరోజులు నా నోరు నేను ఆపుకున్నాను. నాకది చిన్న పని కాదు. ఆఖరికి ఆపుకోలేక భాను చెప్పినదంతా చెప్పేశాను. శేషుకుమారి వంటింట్లో గ్రీజు గుడ్డలు ఉతుకుతోంది. చేతులు ఆగాయి.

"చోటు లేదన్నారా?"

"అన్నాడట. ఇప్పుడు నువ్వు పిలవకూడదూ? ఇంట్లోంచి ఫోన్ చేస్తే పందెం పోదు."

గుడ్డని మళ్ళీ నీళ్ళలో ముంచుతూ అంది. "పందెం గురించి కాదక్కా. వాడొస్తే వాడు మాట్లాడతాడు. మోటారు ఆపాక అక్కడ ఎవరైనా మాట్లాడితే నాకు ఈయన మాట వినపడదు."

"మరి నన్ను తీసుకెళ్ళావుగా?"

"నువ్వు నీళ్ళలోకి దిగలేదుగా" అంది, గుడ్డలు పిండుతూ.

తర్వాత నన్నూ పిలవలేదు. నేనూ అడగలేదు.

వెళ్ళే శనివారాల్లో తెల్లారగానే ఆమె ట్రైలర్ మా గుమ్మం ముందునుంచి పోతుంది. సాయంత్రం చీకటి పడబోతుండగా నా ఫోన్ మోగుతుంది.

"ట్రైలర్ వచ్చిందా ఆంటీ?" అంటాడు భానుప్రసాద్.

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తాను.

"వచ్చింది" అంటాను. పెట్టేస్తాడు.