సైదులును పిలిచే వేళ

పొద్దున ఏడున్నరకు సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. నేను ఒక చలిదేశంలో మానవ హక్కుల విధానం, ఆచరణ అనే పీజీ చదువుతున్నాను. విధానం కొంత, చలి పూర్తిగా వంటబట్టాయి. ఆచరణ మిగిలింది. అందుకే ఈ ప్రయాణం. పరాయిదేశం పనికి వెళ్లి జాడ లేకుండా పోయినవాళ్ల కుటుంబాలను కలిసి థీసిస్ రాయాలి.

పక్కసీటు పెద్దాయన ఏం చదువుతున్నావని అడిగితే చెప్పాను. "గా హక్కులు గీడ లేవని గాడికి పోయినవా?" అన్నాడు. మునగాల దాటేదాకా కిటికీలోంచి బయటికే చూశాను.

కోదాడలో ఇడ్లీ తిని, ఆ పక్కనే ఉన్న అనంతగిరి వైపు ఆటో మాట్లాడుకున్నాను. లింగమ్మ ఇల్లు అనగానే డ్రైవరు, పొద్దు గూకకముందే వచ్చేయమన్నాడు. ఎందుకంటే, "ఆమె పిలుస్తది సార్. వినలేం," అని ఆటో తీశాడు.

లింగమ్మది గొర్లు కాసే కుటుంబం. కొడుకు సైదులు ఎడారి దేశానికి వెళ్లిందీ గొర్లు కాయడానికే. రెండేళ్లు ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. మధ్యాహ్నమంతా ఆమె చెప్పింది రికార్డు చేశాను. ఎదుటివాళ్ల మాట తెగకుండా మధ్యమధ్య "ఆఁ, ఆఁ" అనాలని మాకు క్లాసులో నేర్పారు. నాకు మంచి మార్కులొచ్చింది అందులోనే.

చివర్లో, మా యూనివర్సిటీ పద్ధతి ప్రకారం కుటుంబం క్షేమం కోసం పేర్లు మారుస్తామని, సైదులును రాజు అని రాస్తానని చెప్పాను.

లింగమ్మ రికార్డరు వైపు చూసింది. "పేరు గూడ తీసేస్తే ఇగ వానికి మిగిలేదేంది బిడ్డా?" అంది.

పొద్దు వాలింది, మంద దొడ్డికి చేరింది. గొర్లకాపరుల్లో ఒక పద్ధతి ఉంది. ఒక్క జీవం తగ్గినా తడిక మూయరు, చీకటి ముదిరేదాకా దాని పేరు పెట్టి పిలుస్తారు. లింగమ్మ రోజూ కొడుకును అలాగే పిలుస్తుంది. పత్తిచేను వైపు తిరిగి "సైదులూ" అంది. గొర్లు నెమరు ఆపాయి. మళ్లీ పిలిచింది. చేను కదల్లేదు.

ఆమె వెనక, ఇంటి గోడకు ఆనుకుని రికార్డరు పట్టుకున్నాను. నా వైపు తిరిగింది. "నువ్వు పెట్టిన పేరుతోని గూడ పిలుస్త. మీ కాలేజోళ్లు గట్లనే ఎతుకుతరు గద," అని, నా మొహంలోకి చూస్తూనే పిలిచింది. "రాజూ."

"ఆఁ."

ఎవరో పలికారు. మంద మొత్తం చేను వైపు తల తిప్పింది. అక్కడ మనిషి లేడు. గాలి కూడా లేదు. లింగమ్మ చప్పున తడిక మూసి తాడు ముడేసింది.

"ఇన్నేండ్లు నా కొడుకును పిలిస్తె ఎవ్వరు పలకలే. వాని జాగల ఎవర్ని నిలబెట్టినవ్ బిడ్డా?" గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "సైదులని రాస్తెనే నా ముచ్చట రాయి. లేకుంటే అంత తుడిచెయ్యి."

డ్రైవరు మాట వినలేదు కాబట్టి పాలబండిలో కోదాడ చేరాను. లాడ్జిలో లైటు ఆర్పలేదు.

మర్నాడు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు. అక్కడి రైల్వే స్టేషన్ నుంచి మా ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను. అన్నీ తెలిసి లింగమ్మే కోరితే అసలు పేరు రాయవచ్చనీ, ఆ సంగతి నియమాల్లోనే ఉందనీ, చదవలేదా అనీ అన్నారు. ఆ కొంత విధానం కూడా వంటబట్టలేదన్నమాట.

సాయంత్రం సికింద్రాబాద్ రైల్లో రికార్డింగు విన్నాను. గొర్ల గంటలు, "రాజూ", వెంటనే "ఆఁ". మైకుకు బాగా దగ్గరగా. అది నా గొంతే. అలవాటుకొద్దీ నేనే పలికానన్నమాట. నవ్వొచ్చింది. లింగమ్మకు ఫోన్ చేసి, పేరు సైదులనే రాస్తున్నానని, ఆ పలికింది నేనేనని చెప్పాను.

"నువ్వెట్ల పలుకుతవ్? నేను నిన్నే సూస్తున్న. నీ పెదవి కదల్లే," అంది. మళ్లీ తనే, "సైదులని రాస్తున్నవ్ గద, సాలు. ఇగ గా పేరు మల్ల తలవకు," అని పెట్టేసింది.

అటు వెళ్లేవాళ్లకు చెప్పేది ఇంతే. తిరుగు ఆటో పొద్దుండగానే చూసుకోండి. వెళ్లేటప్పుడు కొత్త పేర్లు పట్టుకెళ్లకండి.

నల్గొండ దాటాక చీకటి పడింది. లింగమ్మ దొడ్డి దగ్గర నిలబడే వేళ. థీసిస్ కోసం రాసుకున్న నోట్సులో రాజు అన్నచోటల్లా సైదులు అని దిద్దుతున్నాను. పక్క వరసలో ఎవరో ఆడమనిషి "రాజూ" అని పిలిచింది.

నాలుక కొసదాకా వచ్చిన "ఆఁ"ను పళ్లు బిగించి ఆపుకున్నాను.