రూట్లు ప్రైవేటోళ్లకు ఇస్తమన్నప్పుడు

మేము ఆర్టీసీ సమ్మెల ఉండంగనే సర్కారు తేల్చి చెప్పింది. సగం బస్సు రూట్లు ప్రైవేటోళ్లకు ఇస్తరట. డ్యూటీకి రానోళ్ల కొలువు పోయినట్టేనట. నేను కల్వకుర్తి డిపోల కండక్టర్‌ను. మా ఆయన మగ్గం నేస్తడు. నెలనెలా వచ్చే జీతం ఇంట్ల నాదొక్కటే.

పగలంత డిపో గేటు ముంగట టెంటు కింద కూసునేటోళ్లం. ఇంటికొచ్చి అత్తమ్మ పక్కన మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. పుట్టింట్ల నేర్చిన పనే గని, నా చేతుల దారం ఊకె తెగేది.

"జర నిమ్మలంగ చుట్టు బిడ్డా, ఫికర్ చేస్తే ఏమొస్తది" అనేది అత్తమ్మ. డ్యూటీకి పొమ్మని ఆమె ఒక్కనాడు అనలేదు. వాడకట్టోళ్లు అడిగితే మాత్రం "మా కోడలు సెలవుల ఉన్నది" అని చెప్పేది.

ఒకనాడు మా రూట్ల చివరి ఊరి నుంచి ఒకాయన టెంటు కాడికి వచ్చిండు. ఆయన బిడ్డ మా బస్సులనే ఇంటర్ కాలేజీకి వస్తుండె.

"బస్సు ఎప్పుడు నడుస్తది మేడం? పిల్లను జీపుల ఒక్కదాన్ని పంపబుద్ధి అయితలేదు. గిట్లనే ఉంటే సదువు మాన్పిస్త."

"కొన్ని రోజులు ఆగు అన్నా" అన్న. గుట్టల నడుమ ఊరు అది. పొద్దుటి బస్సుకు పదిమంది ఎక్కితే గొప్ప. లాభం చూసేటోడు అంత దూరం బస్సు తోలుతడా అని ఆ రాత్రంత నిద్ర పట్టలేదు.

ఆఖరికి అందరు డ్యూటీకి రావచ్చు, ఏ షరతు లేదని సర్కారు చెప్పిన కబురు టీవీల వచ్చింది. అత్తమ్మ లేచి నా ఖాకీ అంగీని ఇస్త్రీకి ఇయ్యమని మా ఆయనతోని పంపింది. నేను వంటింట్ల కూసోని ఏడ్సిన. అది దుఃఖం కాదు, పానం తేలికైంది.

తెల్లారి ఆ గుట్టల ఊర్ల బస్సు ఆగంగనే పిల్ల పుస్తకాల సంచి పట్టుకోని ఎక్కింది. కింద నిలబడ్డ వాళ్ల నాయిన నాకు దండం పెట్టి ఊర్లకు మర్లిండు. "కాలేజీ మాన్లే కదా?" అని అడిగిన. "మాన్లే మేడం, నోట్సు రాసుకునేది శాన ఉన్నది" అన్నది.

రూట్లు ఇచ్చుడు ఎందుకు ఆగిందో నాకు పూర్తిగ తెల్వది. గని ఆ ఊరికి ఇప్పటికీ మా బస్సే పోతాంది. సర్కారు ఆడోళ్లకు టికెట్ ఫ్రీ చేసినంక అయితే బస్సు నిండి, నేను ముందుకెల్లి వెనుకకు నడిచే సందు గూడ ఉంటలేదు.