తిరగరాసిన మగ్గం ప్రోగ్రాం

నాది హిందూపురం, నా స్నేహితుడిది ధర్మవరం. ఇంజినీరింగు కలిసి చదివాం. ఆదివారం ఇద్దరికీ తీరిక దొరికితే మధ్యలో పెనుకొండలో రైలు దిగి, స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కలుసుకునేవాళ్ళం.

వాళ్ళ నాయన పట్టుచీరలు నేస్తాడు. ఆయన కోసం నేనొక ప్రోగ్రాం రాశాను. నల్ల తెర మీద ఒక్క కమాండు టైపు చేస్తే, చీర అంచు బొమ్మ మగ్గం మిషను చదవగలిగే ఫైలుగా మారేది. నెట్‌లో ఊరికే ఇచ్చేశాను. లైసెన్సులో ఒకటే షరతు: ఎవరైనా మార్చుకోవచ్చు, కానీ మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే దాని కోడు కూడా ఇవ్వాలి.

కొన్నేళ్ళకు నా స్నేహితుడు దాన్ని కొత్త కంప్యూటర్ భాషలో మొదటి నుంచి తిరగరాశాడు. ఒక ఆదివారం పెనుకొండ టీ కొట్టు దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి, ఒకే కొంగు బొమ్మను రెండు ప్రోగ్రాములకూ ఇచ్చి చూపించాడు.

"చూడబ్బా. నీది నలభై సెకండ్లు, నాది నాలుగు."

"చీర నేసేకి వారం పడతాది. ఆ సెకండ్లతో మీ నాయనకు ఏం మిగిలె? అది సరే, నా షరతు యాడ పోయింది?"

"తీసేసినా. నీ కోడు లైన్ ఒక్కటి కూడా దీంట్లో లేదు. షరతు ఉంటే కంపెనీలోళ్ళు ముట్టరు."

"ముట్టి, మార్చుకోని, కోడు ఎవురికీ ఇయ్యకుండా తలుపేసుకుంటే?"

"అట్ల ఎవురు చేస్తారు లేబ్బా!"

నా కోపంలో సగం ఆ నలభై సెకండ్ల అవమానమే. అందుకే లైసెన్సు గురించి నేను చెప్పింది కూడా అతనికి అసూయలాగే వినిపించి ఉంటుంది. సాయంత్రం దాకా వాదించుకుని చెరో రైలు ఎక్కాం.

అందరూ అతని ప్రోగ్రాంకే మారారు. మగ్గం మిషన్లు అమ్మే ఒక కంపెనీ కూడా దాన్నే తీసుకుంది, లోపల మార్చుకుంది, కోడు బయటపెట్టలేదు. వాళ్ళ కొత్త మిషను వాళ్ళ ఫైళ్ళు తప్ప వేరేవి తీసుకోదు. అతను మెయిలు రాస్తే, మీ లైసెన్సు ప్రకారమే చేశామని రెండు లైన్లలో జవాబిచ్చారు. అది నిజమే.

పాత మిషను పాడై, నా స్నేహితుడి నాయన ఆ కొత్తదే పెట్టించాడు. ఒకరోజు నన్ను ఇంటికి పిలిపించాడు.

"ఏమప్పా, దీని లోపల ఉండేది మీరు చేసిందే అంట కదా. మరి మన ఫైలు ఎందుకు తీసుకోదు?"

నా స్నేహితుడు తల ఎత్తలేదు. "నాదే తప్పు నాయనా" అన్నాడు.

ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో! విన్నప్పుడు మాత్రం ఏ సంతోషమూ కలగలేదు.

ఆ మిషను ఫైళ్ళ గుట్టు విప్పాలని ఇద్దరం కొన్ని నెలలు కూర్చున్నాం. ఒకసారి అంచు బొమ్మ ఒకటి సరిగ్గా ఎక్కింది కూడా. వారం తిరక్కుండానే కంపెనీ అప్‌డేట్ పంపి ఫైళ్ళ తీరే మార్చేసింది, మళ్ళీ మొదటికొచ్చాం. అట్లా మూడుసార్లు జరిగాక ఇక కూర్చోలేదు.

ఇప్పుడు వాళ్ళ నాయన బొమ్మలన్నీ కంపెనీవాళ్ళ షాపుకు పంపి ఫైలు చేయించుకుంటున్నాడు. మొన్న నా స్నేహితుడు తన ప్రోగ్రాం పేజీలో, ఇకపై దీన్ని చూసుకునేవాళ్ళు లేరని రాసి పెట్టాడు. పెట్టే ముందు నన్ను అడిగాడు. నేను వద్దనలేదు.